హార్ వచ్చింది

స్కాట్లండ్ తూర్పు తీరంలోని చిన్న రేవు పట్టణాలకు వెళ్లొచ్చిన తెలుగువాళ్ల నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఊరు బాగుంది కానీ, మంచు పడి ఏమీ కనబడలేదు." మే నెలలో వెళ్లినవాళ్లూ, జూన్‌లో వెళ్లినవాళ్లూ ఇదే అంటారు. వినేవాళ్లకు తెల్లగా పేరుకుపోయిన హిమం మనసులో మెదిలి, ఎండాకాలంలో మంచేమిటని అడుగుతారు. "ఆ మంచు కాదండీ, పొగమంచు" అని చెప్పేవాళ్లు దిద్దుకుంటారు. దిద్దుకున్న తర్వాత కూడా ఆ వాక్యంలో ఒక తేడా మిగిలే ఉంటుంది. నామవాచకం సరిపోయినా క్రియ సరిపోదు. అక్కడ అది పడదు, కురవదు. వస్తుంది. సముద్రం మీద పుట్టి, గాలి వెంట నడిచి, పట్టపగలు ఊళ్లోకి వస్తుంది.

ఆ ఊళ్లవాళ్లు దాన్ని హార్ అంటారు. నిండుగా సాగే ఆకారం, చివర నాలుక కొస తగిలి ఆగే రేఫ. ఈ చిన్న మాటను పట్టుకుని కొంత దూరం వెళ్లాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ తీరానికి వెళ్లినవాళ్లు తెచ్చే ఫొటోల్లో ఆ ఊరి సగమే ఉంటుంది. మిగతా సగం ఈ మాటలో ఉంది.

ముందు చోటు సంగతి. ఎడిన్‌బరోకు ఉత్తరాన ఫోర్త్ నది సముద్రంలో కలిసే వెడల్పాటి నీటిని దాటితే ఫైఫ్ అనే ప్రాంతం వస్తుంది. అది తూర్పుగా పొడుచుకొచ్చిన నేల. దాని కొసను ఈస్ట్ న్యూక్ అంటారు. న్యూక్ అంటే స్కాట్స్ భాషలో మూల. తూర్పు మూల అని మనం నిస్సంకోచంగా అనువదించుకోవచ్చు. సెయింట్ మోనన్స్, పిటెన్‌వీమ్, ఆన్‌స్ట్రథర్, క్రెయిల్ అనే రేవులు ఆ మూలన వరుసగా ఉంటాయి. ఫైఫ్ అంటే బంగారు అంచు వేసిన బిచ్చగాడి కంబళి అని ఆరో జేమ్స్ రాజు అన్నాడని అక్కడ చెప్పుకుంటారు. లోపలి భూములు పేదవైనా, తీరాన చేపలూ ఉప్పూ బొగ్గూ వ్యాపారమూ కలిసి ఆ అంచును నేశాయి.

ఆన్‌స్ట్రథర్‌కు సెయింట్ ఆండ్రూస్ నుంచి 95 నంబరు బస్సు వెళుతుంది. ఆ సెయింట్ ఆండ్రూస్‌లోనే మద్రాస్ కాలేజీ అనే హైస్కూలు ఉంది. బోర్డు చూసి మనవాళ్లు ఆగి మళ్లీ చదువుతారు. అక్కడే పుట్టిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు మద్రాసులో అనాథ బాలల బడిని నడుపుతూ, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని రూపొందించాడు. అతను విడిచివెళ్లిన డబ్బుతో 1833లో ఆ బడి వెలిసింది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించే మన వీధిబడి అలవాటు చూసి అతనికి ఈ ఆలోచన తట్టిందంటారు. మాటలు ఎంతెంత దూరాలు పోయి స్థిరపడతాయో చూపడానికి ఈ ఒక్క బోర్డు చాలు.

ఇక యాత్రికుల అనుభవం. ఆన్‌స్ట్రథర్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది రెండు మూడు పనుల మీద వెళతారు. 1969 నుంచి ఉన్న స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం చూడాలి. రేవు గోడ మీద కూర్చుని వేడి వేడి చేపల వేపుడూ బంగాళాదుంప ముక్కలూ తినాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న ఐల్ ఆఫ్ మే దీవికి పడవలో వెళ్లి, రంగుల ముక్కు పఫిన్ పక్షులను చూడాలి. పడవలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తిరుగుతాయి. హార్ కాలం కూడా సరిగ్గా అదే. చల్లని నీళ్లలో బతికే చిన్న చేపల కోసం పఫిన్లు వస్తాయి. ఆ చల్లని నీళ్లే హార్‌ను పుట్టిస్తాయి. పక్షి కావాలి, మంచు వద్దు అని యాత్రికుడు కోరుకుంటాడు కానీ, సముద్రం ఆ రెంటినీ విడివిడిగా పంపదు.

వెళ్లినవాళ్లు చెప్పే కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బస్సు గోధుమ చేల మధ్య ఎండలో వస్తూ ఉంటుంది. చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుంటారు. చివరి మెరక దాటి రోడ్డు తీరానికి దిగుతుండగా ఎదురుగా తెల్లని గోడ. దానిలోకి బస్సు దూరుతుంది. తలుపు తెరుచుకోగానే చలి మొహానికి తగులుతుంది. పది నిమిషాల కిందటి ఎండ ఏ దేశానిదో అన్నట్టుంటుంది. చర్చి శిఖరానికి సగం పైన ఏమీ ఉండదు. రేవులో దగ్గరి పడవలు బూడిదరంగులో, వాటి వెనకవి నీడలుగా, ఆ వెనక తెలుపు. పడవ టిక్కెట్లు ఇచ్చేచోట ఆగి చూడమంటారు. గంటలో పోవచ్చు, సాయంత్రం దాకా ఉండొచ్చు, మూడు రోజులూ ఉండొచ్చు. ఆ ఊరివాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కాస్త లోపలికి, చేలవైపు నడిస్తే అక్కడ ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది. ఈ చివరి సంగతే మనవాళ్లను అన్నిటికన్నా కలవరపెడుతుంది. మంచు అంటే లోకమంతా ఒక్కసారే పట్టేదనుకోవడం మన అలవాటు. ఒక వీధిలో మంచూ పై వీధిలో ఎండా మనకు ఊహకు అందని దృశ్యం.

కారణం తెలిస్తే కలవరం తగ్గుతుంది. వసంతంలో నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం వేడెక్కదు. ఏప్రిల్, మే నెలల్లో కూడా అక్కడి ఉత్తర సముద్రపు నీళ్లు చాలా రోజులు పది డిగ్రీల లోపే ఉంటాయి. తూర్పున యూరప్ నేల మీదుగా వచ్చే వెచ్చని తేమగాలి ఆ నీళ్ల మీద నడిచేటప్పుడు దాని అడుగుపొర చల్లబడి, తేమ సన్నని చుక్కలుగా మారుతుంది. తూర్పుగాలి దాన్ని ఒడ్డుకు మోసుకొస్తుంది. ఒడ్డు దాటి వెచ్చని నేల మీదికి రాగానే అది కరిగిపోవడం మొదలవుతుంది. అందుకే చేలల్లో ఎండ.

మన మంచు పుట్టుక వేరు. ధనుర్మాసంలో, మాఘంలో, గాలి కదలని రాత్రి, మబ్బులేని ఆకాశం కింద నేల తన వేడినంతా పోగొట్టుకుంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న గాలి ఉన్నచోటే చల్లబడి మంచవుతుంది. అది ఎక్కడి నుంచీ రాదు. తెల్లారి లేచేసరికి ఉంటుంది. గడ్డివాము తడిసి ఉంటుంది, పెరట్లో మందారాకుల మీద నీటిబొట్లు ఉంటాయి. ఆ తడిని చూసి మన భాష రాత్రంతా పైనుంచి ఏదో కురిసిందని తీర్మానించుకుంది. శాస్త్రం ఒప్పుకోకపోయినా, మంచు కురిసింది, మంచు పడింది, మంచులో తడవకు అనే మాటలు తెలుగు పల్లె తెల్లవారుజాముకు నిజమైన మాటలు. అవి ఆన్‌స్ట్రథర్ మధ్యాహ్నానికి మాత్రం సరిపోవు.

హార్ అనే మాట ఎక్కడిది? నిఘంటుకారులు రెండు దారులు చూపిస్తారు. నెరిసిన, తెల్లబడిన అనే అర్థమున్న పాత నార్స్, పాత ఇంగ్లీషు మాటలతో కలిపి చూసేది ఒక దారి. పచ్చిక మీద తెల్లగా గడ్డకట్టే పేరుమంచుకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఆ కుదురుదే. రెండో దారి సముద్రం అవతలికి, డచ్చి తీరానికి తీసుకుపోతుంది. మధ్యయుగాల డచ్చిలో హారె అంటే కోసేసే చలిగాలి. పక్కనే ఉన్న ఫ్రీసియన్ భాషలో దీనికి దగ్గరి మాట తేమతో మసకబారిన వాతావరణాన్ని చెబుతుంది. నాకు ఈ రెండో దారి మీదే గురి. రంగును బట్టి పుట్టిన మాటైతే అది కంటికి సంబంధించినది. గాలిని బట్టి పుట్టిన మాటైతే అది చర్మానికి సంబంధించినది. హార్‌లో నిలబడ్డవాళ్లు ముందు చెప్పేది చలి గురించే.

ఆ దారికి ఊళ్లోనే ఒక ఆనవాలు కనిపిస్తుంది. ఈస్ట్ న్యూక్ ఇళ్లను ఫొటో తీయని యాత్రికుడు ఉండడు. మెట్లు మెట్లుగా ఎక్కే గోడ చివరలు, వంపు తిరిగిన ఎర్ర పెంకుల కప్పులు. ఫైఫ్ రేవుల నుంచి బొగ్గూ ఉప్పూ చేపలూ వేసుకుని డచ్చి రేవులకు వెళ్లిన ఓడలు, తిరుగు ప్రయాణంలో బరువు కోసం అడుగున పెంకులు వేసుకొచ్చేవని చెబుతారు. నెదర్లాండ్స్‌లోని వీర్ అనే ఊరు 1541 నుంచి చాలాకాలం స్కాట్లండ్ సరుకుకు గుర్తింపు పొందిన రేవుగా ఉండేది. పెంకులు వచ్చిన నీటిదారిలో నావికుల నోటి మాట ఒకటి రావడం కష్టమేమీ కాదు. ఇంటి కప్పూ, ఆ కప్పును కనబడకుండా చేసే మంచు పేరూ ఒకే తీరం నుంచి వచ్చి ఉండొచ్చు.

ఇక్కడ మన తీరాన్ని తలచుకోకుండా ఉండలేను. ఆ డచ్చివాళ్లే 17వ శతాబ్దంలో మచిలీపట్నంలోనూ భీమునిపట్నంలోనూ మకాం వేశారు. హాలండువాళ్లను మనం వలందులన్నాం. మచిలీపట్నంలోని వలందపాలెం ఆ పేరును ఇప్పటికీ మోస్తోంది. భీమిలిలో వాళ్ల సమాధులున్నాయి. వాళ్లు ఉత్తర సముద్రంలో పెరిగిన నావికులు, చలిగాలికీ సముద్రపు మంచుకూ వాళ్ల నోట్లో మాటలు ఉండే ఉంటాయి. అవి మన రేవుల్లో దిగలేదు. బంగాళాఖాతపు నీళ్లు చలికాలంలో కూడా పాతిక డిగ్రీల కంటే పెద్దగా దిగవు. వెచ్చని గాలిని చల్లబరిచి మంచు చేసే శక్తి ఆ నీళ్లకు లేదు. ఇంత పొడవైన తీరం ఉన్న తెలుగుకు సముద్రపు మంచుకు ప్రత్యేకమైన మాట లేకపోవడానికి కారణం భాషలో లేదు, ఆ నీళ్ల వెచ్చదనంలో ఉంది.

హార్ అనగానే సంస్కృతం తెలిసిన మనసుకు నీహారం స్ఫురిస్తుంది. నీహారమంటే మంచే. నక్షత్రాల మధ్య పొగలా పరుచుకున్న దాన్ని మన శాస్త్ర రచయితలు నీహారిక అన్నారు. అర్థం అదే, ధ్వని అదే, మరి చుట్టరికం ఎందుకు కాకూడదు అనిపిస్తుంది. కాదు. నీహారంలోని హారం హృ ధాతువు నుంచి వచ్చిందంటారు, దాని ముందు ఉపసర్గ చేరింది. డచ్చి చలిగాలికి దానితో ఏ సంబంధమూ లేదు. రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినబడితే పొంగిపోయే అలవాటు పదచర్చల్లో మనకు ఎక్కువ. ధ్వనిసామ్యం చుట్టరికానికి సాక్ష్యం కాదు. సాక్ష్యం క్రమబద్ధంగా జరిగిన మార్పుల్లో ఉంటుంది.

నిజమైన చుట్టరికం వెతకదలిస్తే అది ఊరి పేరులోనే ఉంది, ఎవరూ చూడని చోట. ఆన్‌స్ట్రథర్‌ను అక్కడివాళ్లు నోటి అలవాటులో ఐన్‌స్టర్ అంటారు. పేరులోని రెండో సగం గేలిక్ భాషలోని స్రుహర్ అనే మాట. రాతలో స్రుథర్‌లా కనిపిస్తుంది. అర్థం వాగు. దానికి మూలమైన స్రుత్, ప్రవాహం, సంస్కృతంలోని స్రు ధాతువుకు నిజమైన తోబుట్టువు. స్రవించడం, స్రోతస్సు, స్రవంతి అన్నీ ఆ ధాతువు పిల్లలే. ఇండో యూరోపియన్ భాషల చరిత్ర తెలిసినవాళ్లెవరూ దీన్ని కాదనరు. అంటే స్కాట్లండ్ కొసన ఉన్న ఒక చేపల రేవు పేరులో మన ఆడపిల్లలకు పెట్టుకునే స్రవంతి దాగి ఉంది. ఆ పేరును ఇచ్చిన డ్రీల్ వాగు ఇప్పటికీ ఊరి మధ్య నుంచి సముద్రంలోకి పోతోంది. పక్క ఊరు పిటెన్‌వీమ్ పేరులో మొదటి భాగం, గేలిక్‌కు ముందు అక్కడ ఉన్న పిక్టులు నేల వాటాకు వాడిన మాట. మిగతాది గేలిక్ గుహ. గుహ దగ్గరి నేల. ఫిలన్ అనే సాధువు ఉన్నాడని చెప్పే గుహ ఆ ఊళ్లో ఉంది.

ఇప్పుడు మంచు దగ్గరికి. మన మాట పేదదని అనుకునేవాళ్లున్నారు. ఆకు మీది నీటిబొట్టూ మంచే, దారి కప్పేసేదీ మంచే, హిమాలయం మీదిదీ మంచే, గాజుగ్లాసులో వేసుకునేది మంచుముక్క. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో స్కాట్స్ భాషలో హిమపాతానికి సంబంధించిన మాటలు లెక్కపెడితే 421 తేలాయి. గాలికి సుడులు తిరిగే హిమానికి ఒకటి, పెద్ద రేకుగా రాలే దానికి ఒకటి. దీని పక్కన మన ఒక్క మాటను నిలబెట్టి చిన్నబుచ్చుకోనవసరం లేదు. అమరకోశం కూడా అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని వరుసగా పేర్చి అన్నీ ఒకటే అంది. నిజానికి వాటిలో కొన్ని బొట్టు, కొన్ని పొగ, కొన్ని గడ్డ. కోశకారుడికి అవన్నీ చల్లదనపు రూపాలు.

మంచు మాత్రం సంస్కృతం నుంచి రాలేదు, ద్రావిడమూలం. బరో, ఎమెనోలు 1961లో తొలిసారి అచ్చువేసిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువులో తమిళ మంజు, మలయాళ మఞ్ఞు, కన్నడ మంజు, తెలుగు మంచు ఒకే కుదురున ఉన్నాయి. తమిళంలో ఆ మాటకు మబ్బు, మంచు అనే అర్థాలున్నాయి. కన్నడంలో ఆకుల మీది మంచు, పొగమంచు. దక్షిణాదిలో గడ్డకట్టిన హిమాన్ని కళ్లతో చూసినవాళ్లు పూర్వం ఎంతమంది ఉంటారు? ఆ మాట మొదట కొండల్లోనూ పొలాల్లోనూ వాలే తెల్లని తేమకు పెట్టిన పేరే అయి ఉండాలని నా నమ్మకం. హిమాలయం, మంచుగడ్డ, ఫ్రిజ్ ఆ తర్వాత దాని కిందికి వచ్చి చేరాయి. కాబట్టి ఆన్‌స్ట్రథర్ రేవులో నిలబడి ఇది మంచు అన్న తెలుగు యాత్రికుడు నామవాచకం విషయంలో తన భాష పాత అర్థానికే తిరిగి వెళ్లాడు. విన్నవాళ్లకు ఫ్రిజ్ గుర్తురావడం అతని దోషం కాదు.

పొగమంచు సంగతి వేరు. అది అవసరం కొద్దీ కట్టుకున్న సమాసం, ఇవాళ్టి పత్రికల్లో దానికి ఉద్యోగం ఒకటే. విమానాలు ఆలస్యమైనప్పుడు, జాతీయ రహదారి మీద లారీని కారు ఢీకొన్నప్పుడు అది వస్తుంది. చూపును అడ్డుకునేదిగానే దాన్ని మనం గుర్తుపెట్టుకున్నాం. అందుకే ఆన్‌స్ట్రథర్‌కు వెళ్లినవాళ్లు పొగమంచు అనగానే తర్వాతి మాట 'ఏమీ కనబడలేదు' అవుతుంది. ఆ మాటే వాక్యాన్ని అటు తోస్తుంది. చిత్రమేమంటే, మనవాళ్లే చలికాలంలో రాత్రికి రాత్రి బయలుదేరి పొగమంచు చూడటానికి లంబసింగి వెళతారు. పాడేరు దగ్గర వంజంగి కొండను తెల్లారకముందే ఎక్కి, కింద లోయల్లో పరుచుకున్న తెలుపును పాలసముద్రం అంటారు. అక్కడ మంచు మన కాళ్ల కింద ఉంటుంది, దాన్ని చూడగలం. ఆన్‌స్ట్రథర్‌లో మనం దాని లోపల ఉంటాం, చూసే పని అక్కడ ఆగిపోతుంది.

చూపు ఆగిపోయినచోట చెవి పని మొదలవుతుంది. ఈ తీరపు చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే భాగం ఇదే. ఐల్ ఆఫ్ మే మీద 1636లోనే బొగ్గు మంట వేసి ఓడలకు దారి చూపారు. స్కాట్లండ్‌లో మనిషి కాపలాతో నిలకడగా వెలిగిన మొదటి దీపం అదే. 1816లో రాబర్ట్ స్టీవెన్‌సన్ అనే ఇంజనీరు అక్కడ కొత్త దీపస్తంభం కట్టాడు. అంతకు ముందే అతను, పోటు వచ్చినప్పుడల్లా నీళ్లలో మునిగిపోయే బెల్ రాక్ అనే గుట్ట మీద మరో స్తంభం లేపాడు. అది 1811లో వెలిగింది. బెల్ రాక్ అంటే గంటబండ. పూర్వం ఆర్‌బ్రోత్ మఠాధిపతి దాని మీద గంట కట్టించాడనీ, అలలే దాన్ని మోగించేవనీ కథ. ఎంత గొప్ప దీపమైనా హార్‌లో దూరం పోలేదని స్టీవెన్‌సన్‌కు తెలుసు. అందుకే కొత్త స్తంభానికీ గంటలు పెట్టాడు. దీపాన్ని తిప్పే యంత్రమే మంచు పట్టినప్పుడు ఆ గంటలనూ మోగించేది. కథలోని మఠాధిపతీ, చరిత్రలోని ఇంజనీరూ ఒకే సంగతి తెలుసుకున్నారు: ఈ సముద్రంలో కొన్ని రోజులు వెలుగు పనికిరాదు.

తర్వాత గాలిని బిగబట్టి ఊదే పెద్ద బూరలు వచ్చాయి. గుండెలో మోగే ఆ శబ్దాన్ని వింటూ పెరిగినవాళ్లు ఆ తీరాన ఇంకా ఉన్నారు. ఓడల్లో దారిచూపే పరికరాలు పెరిగాక, స్కాట్లండ్ దీపస్తంభాల సంస్థ ఒక్కొక్కటిగా వాటిని ఆపుతూ వచ్చి, 2005లో చివరిదాన్నీ ఆపేసింది. ఇవాళ వెళ్లే యాత్రికుడు హార్‌ను చూస్తాడు కానీ దాని గొంతు వినలేడు. ఆ ఊరికి అది పెద్ద నష్టమనే అనుకుంటాను. ఓడలు క్షేమంగా ఉంటే చాలదా అని ఎవరైనా అడిగితే, చాలదని చెప్పలేను. అయినా నష్టం నష్టమే.

రాబర్ట్ స్టీవెన్‌సన్ మనుమడే ట్రెజర్ ఐలండ్ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. ఆన్‌స్ట్రథర్‌కు వచ్చిన యాత్రికుల్లో పేరున్నవాడు ఇతనే అయినా, విహారానికి రాలేదు. 1868లో, పదిహేడేళ్ల వయసులో, కుటుంబ సంస్థ కట్టిస్తున్న అలలగోడ పని నేర్చుకోవడానికి వచ్చాడు. పగలు రేవులో పని, రాత్రి బస చేసిన ఇంట్లో కొవ్వొత్తుల వెలుగులో పద్యాలు. వెలుతురుకు పురుగులు వచ్చి మంటలో పడుతుంటే రాస్తూ కూర్చున్నానని ఇరవై ఏళ్ల తర్వాత ఒక వ్యాసంలో గుర్తుచేసుకున్నాడు. ఇంజనీరింగు చదువు అతనికి అంటలేదు. తీరపు గాలీ ఉప్పూ మాత్రం అంటాయి. ఆ ఊరికి వెళ్లి రాసినవాళ్లలో అతన్ని నేను నమ్మడానికి కారణం, అతను పని మీద వెళ్లాడు. పని మీద వెళ్లినవాడికి పడవ రద్దు కావడం ఫిర్యాదు కాదు, ఆ రోజు వాతావరణం.

యాత్రికులు ఆ తీరాన నేర్చుకునే మాటలు ఇంకా ఉన్నాయి. స్మర్ అంటే కనీకనబడని సన్న చినుకు. మన తుంపర దానికి చక్కగా సరిపోతుంది. డ్రీఖ్ అనేది ఇప్పుడు స్కాట్లండ్ అంతటా వినబడే మాట. మబ్బుపట్టి, తడితడిగా, ఎంతకీ వదలని రోజుకు పేరు. దాని పాత అర్థం సాగదీసినది, ఎంతకూ తెమలనిది. పొడవాటి చర్చి ఉపన్యాసం కూడా డ్రీఖే. కాలం గురించిన మాట వాతావరణం మీదికి జారింది. తెలుగులో దానికి ముసురు ఉంది, అంతకన్నా మంచిదే ఉంది. ఈగలు ముసురుతాయి, జనం ముసురుతారు, మబ్బు ముసురుతుంది. చుట్టుముట్టి వదలకపోవడం ఆ మాటలోనే ఉంది. స్కాట్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లు అక్కడి నవంబరు గురించి ఇంటికి ఫోన్‌లో చెప్పేటప్పుడు ముసురు పట్టిందంటే, డ్రీఖ్‌కు అంతకన్నా మంచి అనువాదం ఎవరూ చేయలేరు. వానకు మన దగ్గర మాటల కొరత లేదు. కొరత హార్ దగ్గరే వస్తుంది.

అప్పు తెచ్చుకోవడమే దానికి మార్గం. తుఫానును అలాగే తెచ్చుకున్నాం, అది ఇప్పుడు మనదే. కొత్తగా సముద్రమంచు, కడలిపొగ అని సమాసాలు కట్టేవాళ్లుంటారు. అవి నిఘంటువులో పడుకుంటాయి, నోట్లోకి రావు. హార్ చిన్న మాట, తెలుగు నోటికి ఇబ్బంది లేనిది. తెచ్చుకున్న మాటకు మన క్రియను జతచేయాలి. ఆ క్రియ దగ్గరే మన సొంత తీరం పనికొస్తుంది.

సముద్రం ఊళ్లోకి రావడమంటే ఏమిటో తెలుగు తీరానికి తెలియంది కాదు. ఆ రాకకు మనం పెట్టుకున్న పేరు ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చి వేలమందిని పొట్టనపెట్టుకుంది. అప్పటివాళ్లు ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు ఉప్పెన వచ్చింది అంటారు, పడింది అనరు. హార్‌ను ఆ ఘోరం పక్కన నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అది మెత్తగా వచ్చేది, అయినా దారితప్పించి పడవలను బండలకు కొట్టించింది. నేను చెప్పేది క్రియ గురించి. సముద్రం మనవైపు పంపేవన్నీ తెలుగులో వస్తాయి. పోటు వస్తుంది, అల వస్తుంది, ఉప్పెన వస్తుంది. ఆకాశం పంపేవి పడతాయి, కురుస్తాయి. వాన పడుతుంది, మంచు కురుస్తుంది, పిడుగు పడుతుంది. ఈ విభజన ఎవరూ కూర్చుని చేసింది కాదు, మాట్లాడేవాళ్ల నోట దానంతటదే ఏర్పడింది. హార్ ఏ వైపుదో దీన్నిబట్టే తేలిపోతుంది. హార్ వచ్చింది.

పోవడానికి ఏమనాలి? అక్కడివాళ్లు ఎండకు అది కాలిపోతుందంటారు, లేచిపోతుందనీ అంటారు. మనకు వాన వెలుస్తుంది, మబ్బు విచ్చుతుంది, ముసురు విడుస్తుంది, మంచు విడిపోతుంది. హార్‌కు ఇవేవీ అతకవు. అది విచ్చుకోదు, విడిపోదు. ముందు కొండ కనబడుతుంది, తర్వాత చర్చి, తర్వాత రేవు గోడ, వెనకడుగు వేస్తూ నీళ్ల మీదికి పోతుంది. గోదావరి లంకల్లో వరద తగ్గి నీళ్లు వెనక్కి పోతే 'తీసింది' అంటారు. వరద తీసింది, నీరు తీసింది. వచ్చినదారినే తిరిగిపోయే దానికి ఇంతకన్నా సరైన తెలుగు నాకు తోచలేదు.

ఆన్‌స్ట్రథర్ రేవులో ఈ మాటకు పని ఎక్కువే. ఆ రేవు పాటుకు అడుగుదాకా ఎండి, పడవలు బురదలో కూర్చుంటాయి. ఐల్ ఆఫ్ మే పడవ వేళలు అందుకే రోజూ మారతాయి, పోటును బట్టి వేస్తారు. టిక్కెట్టు చేత్తో పట్టుకుని గోడ మీద నిలబడ్డవాళ్లు చూడాల్సినవి రెండు. రేవులో నీరు తీయకముందే హార్ తీయాలి.